నో కాస్ట్ ఈఎంఐలో లాప్‌టాప్ కొంటే నిజంగా ఎంత పడుతుంది?

ప్రశ్న: మాది గుంటూరు పట్నంబజారులో చిన్న హార్డ్‌వేర్ షాపు. అమ్మాయి బీటెక్ సీఎస్ఈలో చేరింది. విజయవాడ ఏలూరు రోడ్డులో రూ.60,000 లాప్‌టాప్ చూశాం. క్రెడిట్ కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉందట. ఒకేసారి కడితే రూ.3,000 తగ్గిస్తారట. ప్రింటరు, కూలింగ్ ప్యాడ్, యాంటీవైరస్ కలిపి ఇంకో రూ.16,000 కాంబో చెప్పారు. షాపు జీఎస్టీ నంబరు మీద బిల్లు రాయిస్తే పన్ను వెనక్కి వస్తుందంటున్నారు. ఎఫ్‌డీలో రూ.1,50,000 ఉంది కానీ కదపబుద్ధి కావడం లేదు.

జవాబు: ముందు ఈఎంఐ సంగతి. నెలకు రూ.5,000 చొప్పున 12 నెలలు కడితే రూ.60,000 అవుతుంది, నిజమే. కానీ బ్యాంకు వడ్డీ మానుకోదు. ఆ మేరకు షాపువాళ్లు ధర తగ్గించి చూపిస్తారు, అంతే. వడ్డీ 15 శాతమనుకుంటే అసలు సుమారు రూ.55,400, వడ్డీ రూ.4,600. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, దాదాపు రూ.830, మీ స్టేట్‌మెంట్‌లో విడిగా పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు రూ.199 అయితే పన్నుతో రూ.235. వదులుకున్న రూ.3,000 కూడా కలపండి. మొత్తం రూ.4,000 పైమాటే. అంటే మీరు ఏడాదికి 13 శాతానికి పైగా వడ్డీకి అప్పు తెచ్చుకున్నట్టు.

ఎఫ్‌డీ కదపండి. ముందే తీస్తే సాధారణంగా అర నుంచి ఒక శాతం దాకా వడ్డీ కోస్తారు. అయినా ఇదే చవక. కాకపోతే ఆ రూ.5,000 నెలనెలా ఆర్‌డీలో వేయాలి. లేకపోతే ఏడాది తిరిగేసరికి ఆ డబ్బు సరుకులో కలిసిపోతుంది.

జీఎస్టీ మాట వదిలేయండి. రూ.60,000లో పన్ను రూ.9,153, ఆశ పుట్టే మొత్తమే. కానీ సరుకు వ్యాపారానికి వాడితేనే ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే వీలు, వస్తుంది, అమ్మాయి చదువుకు కొన్నదానికి రాదు. మీరు కాంపోజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టి సరిపెట్టుకునే పద్ధతి) ఉంటే అసలు ప్రశ్నే లేదు.

కాంబో వద్దు. విండోస్‌లో డిఫెండర్ అనే యాంటీవైరస్ ఉండనే ఉంది. కూలింగ్ ప్యాడ్ గేమింగ్ మెషీన్లకు తప్ప పెద్దగా అక్కరలేదు. ఇంక్ ప్రింటరును నెలల తరబడి వాడకపోతే నాజిల్ ఎండి మూసుకుపోతుంది. రికార్డుల ప్రింట్లు కాలేజీ దగ్గర జిరాక్సులో తీయిస్తే సరిపోతుంది. బ్యాగు, మౌస్ మాత్రం బేరమాడి ఊరికే అడగండి, చాలాసార్లు ఇస్తారు.

మిగిలిన డబ్బు ర్యామ్ మీద పెట్టండి. సీఎస్ఈకి 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉండాలి. మీరు చూసింది 8 జీబీది అయితే, ఖాళీ స్లాటు ఉందా, ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసేశారా (ఊడదీయలేకుండా అతికించేశారా) అడగండి. సోల్డర్ చేస్తే తర్వాత పెంచే దారి లేదు. హాస్టల్లో ఉండే పిల్ల అయితే కింద పడి పగిలినా, నీళ్లు పడినా వర్తించే కవరు తీసుకోండి, అదీ కంపెనీ సొంతదే. మామూలు ఎక్స్‌టెండెడ్ వారంటీలో ఇవి ఉండవు.

డబ్బు కట్టే ముందు సీరియల్ నంబరును కంపెనీ సైట్‌లో కొట్టి చూడండి. వారంటీ అప్పటికే నడుస్తోందంటే అది డెమో పీసో, తిరిగొచ్చిన సరుకో అయి ఉండొచ్చు. వేరేది ఇమ్మనండి.