చిన్న మిల్లింగ్ యంత్రానికి బాల్ స్క్రూలు: కొనే ముందు డయల్ గేజితో ఒక గంట

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: బల్ల మీద పెట్టుకునే ఎక్స్2 తరగతి మిల్లింగ్ యంత్రానికి మీరు స్టెప్పర్ మోటార్లు (కంప్యూటరు ఆజ్ఞల మేరకు అంచెలంచెలుగా తిరిగే మోటార్లు) ఇప్పటికే బిగించారు. అల్యూమినియం పలకలో వృత్తం కోస్తే నాలుగు చోట్ల చదునుగా వస్తోంది, ఎక్స్ అక్షంలో (ఎడమ-కుడి కదలికలో) 0.25 మి.మీ. ప్లే, అంటే వదులు, ఉంది. పాత స్క్రూల స్థానంలో బాల్ స్క్రూలు (ఉక్కు బంతుల మీద నడిచే స్క్రూలు) వేస్తే ఇది పోతుందా, 1204 సైజు వేయాలా 1605 వేయాలా, తలను పైకీ కిందికీ జరిపే జెడ్ అక్షానికి కూడా మార్చాలా అని అడిగారు. హైదరాబాదులో ఇంటి వెనుక గదిలో ఇదే తరగతి యంత్రానికి మూడు అక్షాలూ మార్చుకున్న అనుభవంతో ఈ జవాబు రాస్తున్నాను.

వృత్తం కోసేటప్పుడు ప్రతి పావు చుట్టుకూ ఏదో ఒక అక్షం దిశ మార్చుకుంటుంది. ఆ సమయంలో స్క్రూ తిరుగుతున్నా, మధ్యలో ఉన్న ఖాళీ నిండేదాకా పనిముక్కను బిగించిన యంత్రపు బల్ల కదలదు. మీకు కనిపిస్తున్న నాలుగు చదునులూ ఆ ఖాళీ వల్ల వచ్చినవే. అయితే ఆ 0.25 మి.మీ. అంతా స్క్రూ మీద నడిచే నట్‌లోనే ఉందనుకుని డబ్బు పెట్టవద్దని నా మనవి. మోటార్లకు కరెంటు ఇచ్చి స్క్రూ తిరగకుండా ఉంచి, సన్నని కదలికను ముల్లుతో చూపే డయల్ గేజి స్టాండును బల్ల కింద ఉండే సాడిల్ మీద నిలిపి, బల్లను చేత్తో అటూ ఇటూ గట్టిగా నెట్టి మొత్తం ప్లే ఎంతో రాసుకోండి. తరువాత స్టాండును బల్ల మీదికి మార్చి, మోటారు లేని వైపు స్క్రూ కొన మధ్యనున్న సెంటర్ రంధ్రంలో కాస్త గ్రీజుతో ఒక ఉక్కు బంతిని అంటించి, గేజి మొనను దానికి ఆనించి మళ్లీ నెట్టండి. ఈ రెండో కొలత బేరింగుల దగ్గరి ప్లే, మిగిలినది నట్‌ది. నా యంత్రంలో మొత్తం 0.26 ఉంటే, అందులో 0.09 బేరింగుల దగ్గరే తేలింది. బాల్ స్క్రూ వేసి బేరింగులను పట్టించుకోకపోతే ఆ 0.09 అలాగే మిగిలిపోయేది. గిబ్‌లు (జారే భాగాల మధ్య వదులును సరిచేసే పట్టీలు) వదులుగా ఉన్నాయేమో కూడా ఈ పూటే చూసుకోండి. బల్ల మూలను పక్కకు నెట్టినప్పుడు గేజి ముల్లు కదిలితే, ఆ లోపాన్ని ఏ స్క్రూ కూడా సరిచేయలేదు.

యంత్రాన్ని నడిపే మాక్3, లినక్స్‌సీఎన్‌సీ సాఫ్ట్‌వేర్లలో ఉండే బ్యాక్‌లాష్ (దిశ మారేటప్పటి ప్లే) సవరణతో సరిపెట్టుకోవచ్చు గదా అని చాలామంది అంటారు. ఆ సవరణ దిశ మారినప్పుడు స్క్రూను ఆ మేరకు అదనంగా తిప్పుతుందే తప్ప, ఖాళీ లోపల బల్లను పట్టి ఉంచలేదు. క్లైంబ్ పద్ధతిలో, అంటే కట్టర్ పళ్లు కదిలే దిశలోనే పనిముక్కను జరుపుతూ, కోస్తున్నప్పుడు కట్టర్ పనిముక్కను తనవైపు లాక్కుంటుంది, ఆ ఖాళీ మేరకు బల్ల ఒక్కసారిగా ముందుకు దూకుతుంది, సన్నని కట్టర్ (ఎండ్ మిల్) అక్కడే విరుగుతుంది. కనుక మీరు మార్చాలనుకోవడం సరైన నిర్ణయమే.

బాల్ స్క్రూ పనిచేసే తీరు లారీల స్టీరింగు పెట్టెలో చూసినదే: గాడిలో ఉక్కు బంతులు దొర్లుతూ, నట్ చివరికి చేరి, తిరిగి మొదటికి వస్తాయి. ఒరిపిడి పోయి దొర్లుడు మిగలడం వల్ల మామూలు ట్రాపిజోయిడల్ (మరలు నేరుగా రాసుకునే) స్క్రూలో 20 నుంచి 40 శాతం ఉండే సామర్థ్యం ఇందులో 90 శాతం దరిదాపులకు చేరుతుంది. 5 మి.మీ. లీడ్‌తో (ఒక చుట్టుకు జరిగే దూరం) 1000 న్యూటన్ల తోపుడు కావాలంటే, 30 శాతం సామర్థ్యమున్న పాత స్క్రూకు దాదాపు 2.65 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) అవసరమైతే, బాల్ స్క్రూకు 0.9 చాలు. మీ నీమా 23 సైజు మోటార్లను మార్చనక్కరలేదు.

ఇక 1204, 1605ల సంగతి. మొదటి రెండంకెలు వ్యాసం, తరువాతి రెండు లీడ్. బలం విషయంలో ఇంత చిన్న యంత్రానికి రెండూ సరిపోతాయి, తేల్చేది చోటు. 1605 నట్ ఒంటి వ్యాసం 28 మి.మీ., బోల్టులు బిగించే అంచు (ఫ్లాంజ్) 48 మి.మీ., పొడవు సుమారు 50 మి.మీ. వై అక్షంలో (ముందు-వెనుక కదలికలో) సాడిల్ కింద అది ఇమడాలంటే పోత ఇనుమును లోతుగా చెక్కాలి, పైగా నట్ పొడవు మేరకు వై ప్రయాణం కొంత పోతుంది. నేను ఎక్స్, జెడ్‌లకు 1605, వైకి 1204 వేశాను. అయినా సాడిల్ అడుగున కొంత చెక్కక తప్పలేదు. చవకగా దొరికే రోల్డ్ (గాడిని ఒత్తి చేసిన) స్క్రూలు సీ7 తరగతివి, అంటే 300 మి.మీ.కు 0.05 మి.మీ. వరకు లీడ్ తప్పు ఉండవచ్చు. మన పనికి అది చాలు.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టినవి స్క్రూ కొనల దగ్గరి బేరింగులే. ఆన్‌లైన్‌లో కొన్న బీకే12 అనే బేరింగు దిమ్మను విప్పి చూస్తే, అక్షం వెంట వచ్చే తోపుడును మోయాల్సిన యాంగ్యులర్ కాంటాక్ట్ బేరింగుల స్థానంలో మామూలు 6001 బేరింగులు రెండున్నాయి. లాక్‌నట్ ఎంత బిగించినా గేజి 0.06 చూపేది. అదృష్టవశాత్తు 6001, యాంగ్యులర్ కాంటాక్ట్ రకమైన 7001 రెండింటి కొలతలూ ఒకటే: లోపల 12, బయట 28, మందం 8 మి.మీ. రాణిగంజ్ వెళ్లి 7001 జత తెచ్చి, బయటి రింగుల వెడల్పు ముఖాలు ఒకదానికొకటి ఆనేలా పెట్టి, ఆ రెంటి మధ్య పల్చని షిమ్ (లోహపు రేకు) వేసి లాక్‌నట్ బిగించాక ప్లే పోయింది. అవతలి కొనను మాత్రం ఇలా బిగించవద్దు. స్క్రూ వేడెక్కి పొడవు పెరిగితే జరగడానికి అక్కడ వీలుండాలి.

స్క్రూ కొనలను మీ కొలతలకు టర్నింగ్ చేయించుకోవాలంటే, పైపొర గట్టిదనం సుమారు 60 హెచ్‌ఆర్‌సీ (ఉక్కు గట్టిదనపు కొలమానం) ఉంటుందని టర్నర్‌కు ముందే చెప్పండి. హైస్పీడ్ టూలు దాన్ని గీకలేదు, కార్బైడ్ ఇన్‌సర్ట్ కావాలి. బాలానగర్‌లో నాకు ఆ పని చేసిన పెద్దాయన పైపొర దిగాక లోపల మెత్తగా కోసుకుపోతుందని చూపించారు. ఆ పనికి ముందు నట్‌ను స్క్రూ గాడి అడుగు వ్యాసం కన్నా కాస్త సన్నని గొట్టం మీదికి జరిపి దాచాలి. గొట్టం లేకుండా తీస్తే 3.175 మి.మీ. బంతులన్నీ రాలిపోతాయి. నాకు ఒకసారి అలా జరిగింది, ఏరి మళ్లీ కూర్చడానికి ఒక ఆదివారమంతా పట్టింది.

అమరికలో తొందర వద్దు. నట్ దిమ్మ బోల్టులను వదులుగా ఉంచి, బల్లను మోటారు వైపు చివరిదాకా జరిపి అక్కడ కొద్దిగా బిగించండి. తరువాత అవతలి కొనకు జరిపి, చేతితో తిప్పినప్పుడు ఎక్కడా బరువు మారకుండా చూసుకుని, అప్పుడే పూర్తిగా బిగించండి. ఒక కొనలో బిగుతుగా తిరిగితే దిమ్మ ఎత్తులో తేడా ఉన్నట్టు. మోటారును అధిక కరెంటుతో నడిపి దాన్ని దాటవేయాలని చూస్తే నట్ త్వరగా అరిగిపోతుంది.

జెడ్‌కు మార్చండి, కానీ ఒక జాగ్రత్తతో. పాత స్క్రూ తనంతట తాను నిలిచేది, బాల్ స్క్రూ నిలవదు. కరెంటు పోయిన క్షణంలో తల బరువుకు స్క్రూ వెనక్కి తిరిగి, కట్టర్ పనిముక్కలో దిగబడుతుంది. నా యంత్రం తల సుమారు 15 కిలోలు, అంటే దాదాపు 150 న్యూటన్లు. కారు డిక్కీ తలుపుకు ఉండేలాంటి గ్యాస్ స్ప్రింగును, దాని ఒంటి మీద ముద్రించిన న్యూటన్ల విలువ ఈ బరువుకు దగ్గరగా ఉండేలా ఎంచుకుని, కడ్డీ కిందివైపు ఉండేలా బిగించాను. తల ఇప్పుడు వదిలిన చోటే నిలుస్తోంది.

మోటారుకు ఒక చుట్టుకు 200 స్టెప్పులు, ఒక్కో స్టెప్పుకు 8 మైక్రోస్టెప్పులు (చిన్న అంచెలు) అయితే 1605కు మిల్లీమీటరుకు 320 మైక్రోస్టెప్పులు, 1204కు 400 అని కంట్రోలర్‌లో మార్చుకోండి. రజను పడకుండా స్క్రూల మీద మడతల తొడుగులు వేయండి, నట్‌లో లిథియం గ్రీజు పెట్టండి. అన్నీ అయ్యాక నా ఎక్స్‌లో 0.03, వైలో 0.04 మి.మీ. మిగిలాయి. ఆ మిగిలినది నట్‌లోది. ఉన్నవాటి కన్నా కొన్ని మైక్రాన్లు పెద్దవైన బంతులు వేసి దాన్నీ తీయవచ్చు గాని, నా పనులకు అవసరం రాలేదు.

ఇంకొక్క మాట: దిమ్మలు, మోటారు పలకలు, నట్ బ్రాకెట్లు అన్నీ పాత స్క్రూలతోనే, ఒకే దిశ నుంచి కొలతకు వస్తూ, యంత్రాన్ని విప్పక ముందే కోసి పెట్టుకోండి. విప్పిన తరువాత ఒక్క రంధ్రం తక్కువైనా దాన్ని వేయడానికి మీ దగ్గర యంత్రం ఉండదు.