వాయిదాల మీద మొదటి కెమెరా కొనవచ్చునా?

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. నా వయసు 24. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బిల్లింగ్ కౌంటర్‌లో పనిచేస్తున్నాను. జీతం నెలకు రూ.16,500. అందులో ఇంటికి రూ.8,000 ఇస్తాను, రాకపోకలకు, ఫోనుకు రూ.2,500 అవుతాయి. బ్యాంకులో రూ.18,000 ఉన్నాయి. నాన్నగారు పట్టు మగ్గం నేస్తారు. ఆయన పనిని, మా ఊరి అమ్మవారి ఠాకురాణి జాతర వేషాలను ఫోటోలు తీయాలని, ముందు ముందు పెళ్లి ఆర్డర్లు చేయాలని నా కోరిక. ఒక షాపులో రెండు లెన్సుల కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ (లెన్సు మార్చుకోగల, లోపల అద్దం ఉండే కెమెరా) సెట్టు ఒకేసారి కడితే రూ.43,000, 12 నెలల ‘నో కాస్ట్ ఈఎంఐ’లో అయితే రూ.46,000 అన్నారు. తెలిసిన స్టూడియోవారు 18-55 లెన్సుతో పాత కెమెరాను రూ.24,000కు ఇస్తామంటున్నారు. అమ్మ తనకు ఒడిశా ప్రభుత్వ సుభద్ర పథకం కింద వచ్చిన డబ్బు ఇస్తానంటోంది. ఏది మంచిది?

జవాబు: మీ ఆదాయాన్నీ ఖర్చునూ దాచకుండా రాసినందుకు సంతోషం. నా అభిప్రాయం ముందే చెబుతాను: పాత కెమెరానే కొనండి. అయితే ఇప్పుడు కాదు, ఆరు నెలల తర్వాత, మీరే కూడబెట్టిన డబ్బుతో. వాయిదాల జోలికి గానీ, అమ్మగారి డబ్బు జోలికి గానీ వెళ్లవద్దు.

మొదట ఆ ‘నో కాస్ట్’ సంగతి చూద్దాం. వడ్డీ లేదని షాపులో చెప్పినా, ఒకేసారి కట్టేవారికి దొరికే రూ.3,000 తగ్గింపును మీరు వదులుకుంటున్నారంటే అదే మీరు కట్టే వడ్డీ. దీనికి తోడు చాలా బ్యాంకులు ప్రాసెసింగ్ ఫీజు, దానిపై 18 శాతం జీఎస్టీ వసూలు చేస్తాయి. ఫీజు రూ.499 అనుకుంటే పన్నుతో కలిపి రూ.589 అవుతుంది. అసలు నెలనెలా తరుగుతూ వస్తుంది కనుక, ఈ రెండూ కలిపి లెక్కిస్తే ఏడాదికి దాదాపు 15 శాతం వడ్డీ పడినట్టు. అంతకంటే నన్ను కలవరపెట్టేది నెలవారీ లెక్క. ఖర్చులు పోగా మీ చేతిలో మిగిలేది రూ.6,000. వాయిదా రూ.3,834 పోతే రూ.2,166 మిగులుతుంది. నేతపనిలో ఆర్డరు లేని నెలలు ఉంటాయని మీకు నేను చెప్పనక్కరలేదు. అలాంటి నెలలో నాన్నగారికి మందులు కొనాల్సి వచ్చి ఒక్క వాయిదా తప్పినా జరిమానా పడుతుంది, మీ క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది. రేపు మీరు నిజంగా స్టూడియో పెట్టాలనుకున్నప్పుడు బ్యాంకు మొదట చూసేది ఆ స్కోరునే.

కొత్త వస్తువులో మరో నష్టం కూడా ఉంది. డిజిటల్ కెమెరాలపై జీఎస్టీని 2019 జనవరి 1 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు. అయినా రూ.43,000 ధరలో సుమారు రూ.6,560 పన్నే. రేపు మీరు ఆ కెమెరా అమ్మితే కొనేవారు ఆ పన్నును లెక్కలోకి తీసుకోరు. పైగా కానన్, నికాన్ కంపెనీలు 2020 తర్వాత కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ మోడల్ తేలేదు, వాటి దృష్టంతా అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలపైనే ఉంది. అందువల్ల ఇప్పుడు కొత్త డీఎస్‌ఎల్‌ఆర్‌కు పూర్తి ధర పెట్టడం నాకు సమంజసంగా తోచడం లేదు. నేర్చుకునేవారికి ఇదే పరిస్థితి కలిసివస్తుంది. స్టూడియోలవారు మిర్రర్‌లెస్‌కు మారుతూ తమ పాత బాడీలను (లెన్సు లేని కెమెరాలను), లెన్సులను తక్కువ ధరకు వదిలించుకుంటున్నారు. ఆ లెన్సులు వృథా కూడా కావు. కానన్ డీఎస్‌ఎల్‌ఆర్‌ల ఈఎఫ్ లెన్సులను అడాప్టర్ సాయంతో ఆ కంపెనీ కొత్త మిర్రర్‌లెస్ (ఆర్‌ఎఫ్ మౌంట్) కెమెరాలకు బిగించి వాడుకోవచ్చు.

ఇక్కడ మీ మగ్గం గదిని గుర్తు చేసుకోండి. పగటిపూట కూడా కిటికీ నుంచి ఒకవైపే వెలుతురు పడే గదిలో, పడుగు మధ్య అటూ ఇటూ దూసుకుపోయే నాడె కదలకుండా ఫోటోలో నిలవాలంటే షట్టరు సెకనులో 500వ వంతులోనే మూసుకోవాలి. 18-55 జూమ్ లెన్సును పూర్తిగా దగ్గరకు లాగి 55 దగ్గర పెడితే దాని ద్వారం ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ సంఖ్య తగ్గేకొద్దీ ద్వారం పెద్దదవుతుంది), ఫోటో చీకటిగానో గరుకుగానో వస్తుంది. అదే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు దాదాపు పది రెట్లు వెలుతురును లోపలికి తీసుకుంటుంది. రాత్రివేళ ఠాకురాణి జాతర వేషాలు తీసేటప్పుడూ మీకు అక్కరకు వచ్చేది ఇదే. షాపువారు సెట్టులో ఇస్తామన్న రెండో లెన్సు ఏదో మీరు రాయలేదు. సాధారణంగా అలాంటి సెట్టులో దూరపు వస్తువుల కోసం 55-250 వంటి జూమ్ లెన్సు ఇస్తారు. మగ్గం, జాతర రెండింటిలో ఏదీ దానితో సాగదు. కాబట్టి తర్వాత కూడబెట్టే డబ్బును 50 ఎంఎం లెన్సు కోసం ఉంచండి. నికాన్ డీ3500 వంటి బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు కనుక, ఆ కంపెనీవైపు వెళితే లెన్సులోనే మోటారు ఉండే ఏఎఫ్-ఎస్ రకమే అడగాలి.

డబ్బు కూడబెట్టే దారి ఇది. జీతం పడిన మర్నాడే నెలకు రూ.4,000 చొప్పున బ్యాంకులో ఆరు నెలల రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) మొదలుపెట్టండి. పోస్టాఫీసు ఆర్‌డీ ఐదేళ్ల పథకం, మూడేళ్లు నిండకుండా దాన్ని మూసే వీలు లేదు, కాబట్టి ఈ అవసరానికి అది సరిపోదు. ఆరు శాతం వడ్డీ అనుకున్నా మీకు అదనంగా వచ్చేది సుమారు రూ.400 మాత్రమే. ఇక్కడ వడ్డీ కంటే ఆ డబ్బు మీ చేతికి అందకుండా పక్కన ఉండటం ముఖ్యం. మిగిలిన రూ.2,000లో కొంత మెమరీ కార్డుకు, సంచికి, గాలి చొరబడని డబ్బాకు తీసి ఉంచండి. డబ్బా సంగతి తేలికగా తీసుకోవద్దు. గోపాలపురం సముద్రపు తేమ మీ ఊరిదాకా వస్తుంది. మా ఇంట్లో ఒక వర్షాకాలమంతా తోలు సంచిలో ఉంచిన లెన్సు అద్దం లోపల సాలెగూడులా బూజు పట్టింది. సిలికా జెల్ పొట్లాలు వేసిన మామూలు ప్లాస్టిక్ డబ్బా ఉంటే ఆ నష్టం తప్పేది. బ్యాంకులో ఉన్న రూ.18,000 మాత్రం కదపకండి. మీ కుటుంబానికి ఆపదలో ఆదుకునేది అదొక్కటే.

అమ్మగారి విషయం. సుభద్ర పథకం కింద ఏడాదికి రూ.10,000, రెండు విడతలుగా, ఐదేళ్లపాటు అర్హులైన మహిళల ఖాతాలో పడుతుంది. అంటే మొత్తం రూ.50,000. అది ఆమె పేరిట, ఆమె చేతిలో ఉండాల్సిన డబ్బు. బిడ్డ కోరిక తీర్చాలని ఆమె ప్రేమతో ఇస్తానన్నా, ఆ డబ్బును ఆమె పేరుతోనే డిపాజిట్ చేయించండి.

ఈ ఆరు నెలలూ ఖాళీగా కూర్చోనక్కరలేదు. ఫోనులోని ప్రో మోడ్‌లో షట్టరు వేగాన్ని, ఐఎస్‌ఓను (వెలుతురుకు సెన్సారు స్పందించే స్థాయిని) మార్చుతూ నాన్నగారి మగ్గాన్నే తీస్తూ ఉండండి. ఒకరోజు అద్దెకు కెమెరా తీసుకుని చూడండి. ఆ రోజు చేయి ఏం కోరుకుంటుందో మీకే తెలుస్తుంది.

పెళ్లి ఆర్డర్ల గురించి కొంచెం గట్టిగానే చెబుతున్నాను. ప్రారంభస్థాయి కెమెరాల్లో చాలావాటికి ఒక్క కార్డుకే చోటు ఉంటుంది. ఆ కార్డు పాడైతే తాళికట్టే క్షణం మళ్లీ రాదు, తీసుకున్న అడ్వాన్సు తిరిగి ఇచ్చినా ఆ ఇంటివారి బాధ తీరదు. అందువల్ల కనీసం ఒక సీజను పాటు అనుభవమున్నవారి దగ్గర సహాయకురాలిగా వెళ్లండి. పెళ్లిళ్ల ఆదాయాన్ని ఇప్పటి లెక్కలో ఒక్క రూపాయి కూడా చూపించుకోవద్దు. ఆర్డర్లు నిజంగా వస్తున్నాయని తేలిన రోజున, తాకట్టు లేకుండా రూ.50,000 వరకు ఇచ్చే ముద్ర యోజన ‘శిశు’ రుణం అడగవచ్చు. అప్పుడు వాయిదా కట్టేది మీ జీతం కాదు, ఆ పనే.

స్టూడియోవారితో ఇప్పుడే మాట్లాడి, ఆరు నెలల తర్వాత కొంటానని చెప్పండి. ఈలోగా అమ్మేసినా దిగులు పడకండి, అలాంటివి ఇంకా వస్తాయి. కొనే రోజున ముందు షట్టరు లెక్క, అంటే ఇప్పటిదాకా షట్టరు ఎన్నిసార్లు పనిచేసిందో, అడగండి. నికాన్ డీ3500 షట్టరుకు సాధారణంగా చెప్పే అంచనా లక్ష సార్లు, పెళ్లిళ్లకు తిరిగిన కెమెరా దానికి ఎంత దగ్గరకు వచ్చిందో చూడాలి. నికాన్‌లో ఆ సంఖ్య ఫోటో ఫైలులోనే నమోదై ఉంటుంది, కానన్‌లో అయితే కంప్యూటరుకు కలిపి చూపించమనండి. ద్వారాన్ని ఎఫ్ 16కు తగ్గించి తెల్లగోడను ఒక ఫోటో తీసి, స్క్రీను మీద పెద్దది చేసి చూడండి. నల్లని చుక్కలుంటే సెన్సారు మీద దుమ్ము ఉన్నట్టు, శుభ్రం చేయించే ఖర్చు ధరలో తగ్గించమనండి. లెన్సు వెనుక నుంచి ఫోను లైటు వేసి, దారపు పోగుల్లాంటి బూజు కనిపిస్తే కొనవద్దు. అసలు బిల్లు మీద ఉన్న సీరియల్ నంబరు కెమెరా అడుగున ఉన్నదానితో కలవాలి. ఆ బిల్లు వెనుక అమ్మినవారి సంతకం, తేదీ, మీరు ఇచ్చిన మొత్తం రాయించుకోండి. డబ్బు నగదుగా కాకుండా ఖాతాకే పంపండి.