కొన నుంచి వెలుగు వేస్తే టూర్మలిన్ నల్లగానే కనిపించవచ్చు

మీ టూర్మలిన్ (పొడవాటి స్ఫటికాలుగా పెరిగే రత్నఖనిజం) స్ఫటికానికి కొన నుంచి బలమైన టార్చి వేసినా చీకటిగానే ఉందని, అది ఒట్టి నల్లరాయేనా అని అడిగారు. అలా తేల్చేయడం తొందరపాటు అవుతుంది. టూర్మలిన్ తన పొడవు వెంట వెళ్లే వెలుగును అడ్డంగా వెళ్లే వెలుగుకన్నా ఎక్కువగా మింగేస్తుంది కనుక, ముందు గదిని చీకటి చేసి, పక్క ముఖానికి, ముఖ్యంగా పలచని అంచుకు, టార్చిని ఆనించి చూడండి. గోధుమ, ఆకుపచ్చ లేదా ఎరుపు ఛాయ కనబడితే లోపల వెతకదగినది ఉన్నట్టే.

అప్పటికీ తేలకపోతే పొడవుకు లంబంగా బిళ్ళలుగా కోయించి, ఒక మిల్లీమీటరు మందానికి, అవసరమైతే ఇంకా పలచగా, అరగదీసి పాలిష్ చేయించాలి. మడగాస్కర్‌లో దొరికే లిడికోటైట్ అనే టూర్మలిన్ రకం స్ఫటికాలు బయటికి దాదాపు నల్లగా ఉన్నా, ఇలా కోసినప్పుడు ఒకదానిలో ఒకటి ఒదిగిన త్రిభుజాలు, కొన్నిటిలో మధ్య నుంచి చీలే మూడు చేతుల నక్షత్రం బయటపడతాయి. స్ఫటికం పెరుగుతున్నప్పుడు చుట్టూ ఉన్న ద్రవంలో ఇనుము, మాంగనీసు వంటి మూలకాల పాళ్లు మారిన కొద్దీ పొరల రంగూ మారడమే ఇందుకు కారణం.

ఇనుము నిండిన షోర్ల్ అనే నల్ల టూర్మలిన్ రకం అయితే మాత్రం ఎంత పలచన చేసినా మసకబారిన నీలమో గోధుమో తప్ప పెద్దగా ఏమీ రాకపోవచ్చు. కొన్ని టూర్మలిన్లు లోపలి ఒత్తిడి వల్ల కోతలోనే పగులుతాయి. అందుకే మొదట ఒక చివర నుంచి ఒక్క బిళ్ళ మాత్రమే తీయించండి.