గెయిన్ తగ్గించు అల్లుడూ

నెల్లూరు

చిరంజీవి అల్లుడికి,

నువ్వు ఎలక్ట్రిక్ గిటార్ మీద వాయించి వాట్సాప్‌లో పంపిన ముక్క విన్నాను. రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే ఆ వరస) బాగుంది. శబ్దం మాత్రం రేకుల షెడ్డు మీద వాన పడ్డట్టుంది. గెయిన్, అంటే గిటార్ శబ్దాన్ని పెంచి గరగరలాడించే నాబ్, ఇంకా పెంచాలా అని అడిగావు. సగానికి తగ్గించు. గెయిన్ పెరిగేకొద్దీ మెల్లగా కొట్టిందీ గట్టిగా కొట్టిందీ ఒకే మట్టానికి వస్తాయి, పక్క తీగ గీరుకున్న చప్పుడు కూడా దాంతోపాటే లేస్తుంది. మెటల్ సంగీతంలో బరువంతా తీగ మోగడం, టక్కున ఆగడం అనే రెంటి మధ్యే ఉంది. ఆ ఆగడమే నీ రికార్డింగులో వినపడటం లేదు.

ముందు తీగల సంగతి. డ్రాప్ డి (అన్నిటికంటే లావైన ఆరో తీగను డి స్వరానికి దింపడం) అంటున్నావు, వేసింది 9-42 సెట్టు (సన్న తీగ, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో). వదులైన ఆరో తీగ కొట్టగానే శ్రుతి పైకి పోయి మళ్లీ కిందికి జారుతుంది. డ్రాప్ డికి 10-52 వెయ్యి, ఇంకా కిందికి డ్రాప్ సికి పోతే 11-56. తీగ కిందికి దింపి వాయించడానికి పెద్దదిక్కు బ్లాక్ సబ్బాత్ బృందం గిటారిస్టు టోనీ అయోమీ. బర్మింగ్‌హామ్ రేకుల ఫ్యాక్టరీలో, తీగలు నొక్కే చేతి రెండు వేళ్ల కొసలు తెగిపోతే ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని వాయించినాయన. బిగువు తగ్గితే వేళ్లకు సుఖమని 1971 నాటికి సి షార్ప్ దాకా దింపాడు, అదీ పల్చటి తీగలతోనే. నీ వేళ్లు బాగానే ఉన్నాయి కాబట్టి లావు తీగలు వేసుకో.

లావు తీగ వేశాక నట్ (నెక్ పై కొసన తీగలు కూర్చునే పట్టీ) గాడిలో ఇరుక్కుంటుంది. ట్యూన్ చేసేటప్పుడు టిక్కుమని ఎగిరితే అదే. గాడిలో పెన్సిల్ ములుకు రుద్దు. ఆ తర్వాత పన్నెండో ఫ్రెట్ (మెట్టు) దగ్గర హార్మోనిక్‌నీ (నొక్కకుండా వేలు తాకించి మీటితే వచ్చే స్వరం), అక్కడే నొక్కి మీటిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చు. నొక్కిన స్వరం ఎక్కువ చూపిస్తే శాడిల్‌ని (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) వెనక్కి జరుపు, తక్కువైతే ముందుకి. మీ కావలిలో ఉప్పుగాలికి తీగలు తొందరగా తుప్పెక్కుతాయి, వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో తుడువు. కార్తీకం వానల్లో నెక్ కదులుతుంది, అప్పుడు ఈ కొలతలన్నీ మళ్లీ చూసుకోవాలి.

ఇక కుడిచెయ్యి. పామ్ మ్యూట్‌కి, అంటే అరచేత్తో తీగ మోతను అణచడానికి, చేతి అంచు తీగలు శాడిల్ దాటి బయటికొచ్చే చోట ఆనాలి. అర సెంటీమీటరు ముందుకి జరిగినా స్వరం చచ్చి టప్పుమంటుంది, వెనక్కి జరిగితే మ్యూటే పడదు. చేతిని ఆనించాలి గానీ అదమకూడదు. అదిమితే శ్రుతి పైకి పోతుంది, నీ ముక్కలో రెండో వరస అపశ్రుతిగా ఉండటానికి కారణం అదే. తీగ మీటే పిక్ మందం ఒక మిల్లీమీటరు పైనే ఉండాలి, వేళ్ల బయటికి కొనమాత్రం కనపడాలి.

మెట్రోనోమ్ నిమిషానికి 80 దెబ్బలకి పెట్టు, దెబ్బకి రెండు చొప్పున అన్నీ డౌన్ స్ట్రోకులే (పైనుంచి కిందికి మీటడం), రెండు నిమిషాలు. మోచేయి దగ్గర కండ బిగుసుకుంటే ఆపెయ్యి, ఆ బిగువుతో సాధన చేస్తే బిగువే అలవాటవుతుంది. హాయిగా వస్తే నాలుగు పెంచు. గ్యాలప్ (గుర్రపు పరుగులాంటి లయ) నీకు కుదరటం లేదు కదా, నోటితో అను: తకధిమిలో రెండో అక్షరం మింగేస్తే తా-ధిమి, తా-ధిమి. అదే గ్యాలప్. నాలుగోది మింగేస్తే తకధీ, తకధీ, తిరగేసిన గ్యాలప్. నోట్లో పడనిది చేతిలో పడదని మృదంగం నేర్పేవాళ్లు చెప్పే మాట ఈడ కూడా పనికొస్తుంది.

మెటల్‌లో వాయించే పవర్ కార్డ్ అంటే స-ప, తంబురా మోగించే జతే. డిస్టార్షన్ (గెయిన్ తెచ్చే గరగర) రెండు స్వరాలను కలిపినప్పుడు వాటి తేడా కూడా ఒక స్వరంగా మోగుతుంది. స-పల నిష్పత్తి 2:3, తేడా 1, అంటే షడ్జమానికి కింది స్థాయి షడ్జమం. అందుకే అంత లావుగా వినిపిస్తుంది. గాంధారం చేరిస్తే పుట్టే స్వరాలు ఒకదానితో ఒకటి పొసగక బురద అవుతుంది. ఎడమచేతి చూపుడువేలు పల్చటి తీగల మీద ఊరికే పడుకుని ఉండాలి, లేకపోతే అవి వాటంతటవే మోగుతాయి.

గుయ్యిమనే రొద గురించి. తీగను ముట్టుకుంటే తగ్గుతోందంటే గిటార్ లోపలి ఎర్తింగ్ బాగానే ఉన్నట్టు. అప్పుడు లాప్‌టాప్ చార్జర్ తీసి చూడు, తర్వాత ఫ్యాన్. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ సగంలో ఉంటే పికప్‌లు (తీగల కింద శబ్దాన్ని పట్టే అయస్కాంతాలు) ఆ గరగరను పట్టేస్తాయి. ఫుల్లులో పెట్టు, లేదా ఆపెయ్. కత్తిరి ఎండల్లో ఫ్యాన్ ఆపమంటే మీ అమ్మ నన్ను తిడుతుంది, అందుకే తెల్లారుజామున రికార్డు చేసుకో. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడుస్తుంటే రికార్డింగ్ జోలికే పోవద్దు. గోడ సాకెట్‌లో మూడో రంధ్రానికి వైరే లేని ఇళ్లు చాలా ఉంటాయి, ఎలక్ట్రీషియన్‌తో చూపించు. తీగ ముట్టుకుంటే చిమచిమలాడిందంటే వెంటనే ప్లగ్ పీకెయ్. ఎర్త్ పిన్ను విరిచి రొద తగ్గించే తెలివి మాత్రం వద్దు, ప్రాణం మీదికొస్తుంది.

గిటార్‌ని లాప్‌టాప్‌కి కలిపే ఇంటర్‌ఫేస్‌లో ఇన్‌స్ట్రుమెంట్ అని ఉన్న మీట నొక్కే ఉంచు, లైన్‌లో పెడితే శబ్దం మొద్దుబారుతుంది. రికార్డింగ్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టు. ఎంత గట్టిగా కొట్టినా మీటరు మైనస్ పది డీబీ దాటకూడదు. బఫర్ (లాప్‌టాప్ ఒక్కోసారి తీసుకునే శబ్దపు ముక్క) 128కి పెట్టి, ఇంటర్‌ఫేస్ కంపెనీవాళ్ల ఏఎస్ఐఓ (ఆలస్యం తగ్గించే) డ్రైవర్ వాడు. మీటాక చెవిలో పడే ఆలస్యం పోనూ రానూ పది మిల్లీసెకన్లు దాటితే నీకు తెలియకుండానే చెయ్యి మెట్రోనోమ్ క్లిక్ కంటే ముందు పరిగెత్తుతుంది. డైరెక్ట్ మానిటర్ ఆపు, లేకపోతే ఆంప్ లేని ఉత్త గిటార్ కూడా చెవిలో పడి అయోమయం.

ఆంప్‌కి డబ్బులు పెట్టొద్దు. లాప్‌టాప్‌లో ఆంప్‌ను అనుకరించే న్యూరల్ ఆంప్ మోడలర్ ఉచితం. దాని ముందు ట్యూబ్ స్క్రీమర్ లాంటి పెడల్ పెట్టి డ్రైవ్ సున్నా, లెవెల్ ఫుల్లు, టోన్ సగం. అది ఆంప్‌లోకి పోకముందే లోస్వరాల బురదను కోసేస్తుంది. ఆంప్ తర్వాత క్యాబినెట్ ఐఆర్ (స్పీకరు పెట్టె శబ్దాన్ని అనుకరించే ఫైలు) తప్పనిసరి, లేకపోతే తుమ్మెదల రొదే. ఆంప్ మోడల్‌లో క్యాబినెట్ కలిసే ఉంటే మళ్లీ ఐఆర్ వెయ్యకు, దుప్పటి కప్పినట్టవుతుంది. మిడ్ (మధ్య స్థాయి శబ్దం నాబ్) సున్నా చెయ్యకు. ఒంటరిగా వింటే గంభీరంగా ఉంటుంది గానీ డ్రమ్స్, బేస్ చేరగానే గిటార్ మాయమవుతుంది. చివర్లో 80 హెర్ట్జ్ కిందది కొయ్యి, ఆ చోటు బేస్ గిటార్‌ది.

వెడల్పు కోసం ఒకే ట్రాక్ కాపీ చేసి అటొకటి ఇటొకటి పెట్టావు చూడు, అది ఏ చెవికైనా మధ్యలోనే వినపడుతుంది. ఒకదాన్ని కాస్త వెనక్కి జరిపితే, మోనోలో (రెండు పక్కలూ ఒకటైన శబ్దంలో) కలిసినప్పుడు డొల్లగా మారుతుంది. రిఫ్ మొత్తం రెండోసారి వాయించు, ఒకటి పూర్తిగా ఎడమకి, ఒకటి పూర్తిగా కుడికి. మనిషి రెండుసార్లు అచ్చంగా ఒకేలా కొట్టలేడు, ఆ చిన్న తేడాయే వెడల్పు. తేడా పెద్దదైతే దెబ్బ చీలిపోతుంది, కాబట్టి నాలుగేసి బార్లు చొప్పున, కుదిరేదాకా మళ్లీ తీసుకో. ప్రతి టేక్ ముందూ ట్యూన్ చెయ్యి, రిఫ్‌లో ఎంత బలంగా కొడతావో అంతే బలంగా కొట్టి చెయ్యి.

పాట మొత్తం ఇప్పుడే వద్దు. ఆ ఎనిమిది బార్లే ఆదివారం లోపల రెండుసార్లు తీసి, ఆంప్, ఎఫెక్టులు ఏమీ లేని ఉత్త ట్రాకులు వేవ్ ఫైళ్లుగా గూగుల్ డ్రైవ్‌లో పెట్టు. వాట్సాప్‌లో ఆడియోగా పంపకు, అది కుదించేస్తుంది. ఏ దెబ్బ ముందు పడిందో, ఏది ఆగలేదో తెరమీద శబ్దం గీత చూసి గుర్తుపెట్టి పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ మామ