భుజానికి చిన్న ప్లేటే చాలు

చిన్నా,

భుజం పట్టేస్తోందని, జిమ్‌లో ఎవరో రొటేటర్ కఫ్‌కి కేబుల్ మిషన్ మీద, అదే తీగ లాగితే బరువు ప్లేట్లు పైకి లేచేదాని మీద, వ్యాయామం చేయమన్నారని రాశావు. మంచి మాటే చెప్పారు. కాకపోతే బెంచ్ ప్రెస్‌లో పడుకుని పెద్ద బరువులెత్తే ఊపుతో దాని మీదికి వెళ్లకు.

రొటేటర్ కఫ్ అంటే నాలుగు చిన్న కండరాలు. రెక్క ఎముక నుంచి బయలుదేరి, చేతి ఎముక గుండ్రటి తలను దాని గుంటలో కుదురుగా పట్టుకుంటాయి. బరువు ఎక్కువ పెట్టావనుకో, వీపు, నడుము కలిసి ఆ పని లాగేసుకుంటాయి. చెమట పడుతుంది గానీ కఫ్‌కి ఏమీ అందదు.

కుడి చేతికైతే ఇలా చెయ్యి. పుల్లీని, అంటే కేబుల్ తిరిగే చక్రాన్ని, మోచేయి ఎత్తుకి దించు. మిషన్ నీ ఎడమ పక్కన ఉండేలా నిలబడి, హ్యాండిల్ కుడి చేత్తో పట్టుకో. మోచేయి 90 డిగ్రీలు, ముంజేయి పొట్టకి అడ్డంగా. చిన్న తువ్వాలు చుట్టి మోచేతికీ పక్కటెముకలకీ మధ్య పెట్టుకో. అది జారి పడిందంటే మోచేయి పక్కకి లేచిందన్నమాట. పక్కన ట్రైనర్ లేకపోయినా నీ తప్పు నీకే తెలిసిపోతుంది. ఇక ముంజేతిని తలుపు తీసినట్టు బయటికి తిప్పు, వచ్చినంత వరకే. తిరిగొచ్చేటప్పుడు కేబుల్ నిన్ను లాక్కుపోకూడదు, మూడు లెక్కపెడుతూ రా. ప్లేట్లు ఠప్పుమన్నాయంటే సగం పని వృథా. మణికట్టు వంగకూడదు, భుజం చెవి వైపు లేవకూడదు, నడుము తిరగకూడదు.

బరువు ఎంచుకునే పిన్ మొదటి ప్లేటులోనే పెట్టు. కొన్ని మిషన్లలో మొదటి ప్లేటే 5 కిలోలుంటుంది. అది కష్టమనిపిస్తే సిగ్గుపడకుండా రబ్బరు బ్యాండు తీసుకో. 12 నుంచి 15 సార్లు, రెండు సెట్లు, వారానికి రెండు మూడు రోజులు. రెండో చేతికీ చెయ్యి. ఛాతీ వ్యాయామం ఉన్న రోజు దీన్ని చివర్లో పెట్టుకో, ముందే ఈ కండరాలు అలిసిపోతే బరువెత్తేటప్పుడు భుజానికి ఆసరా ఉండదు.

భుజం వెనక కొంచెం మంట పుడితే కంగారు పడకు. గుచ్చినట్టు నొప్పి వస్తే మాత్రం ఆపెయ్. రాత్రి ఆ పక్కకి పడుకోలేకపోతున్నా, చెయ్యి పైకి లేవకపోతున్నా ముందు ఎముకల డాక్టర్‌కి చూపించు.

ఇంకోటి. మీ నాన్న భుజం కూడా బిగుసుకుపోయిందన్నావు. వాడికి షుగర్ ఉంది కదా, షుగర్ ఉన్నవాళ్లకి ఇలా భుజం బిగుసుకుపోయే ఫ్రోజెన్ షోల్డర్ ఎక్కువగా వస్తుంది. ఉత్సాహం కొద్దీ వాణ్ణి ఈ మిషన్ దగ్గరికి లాక్కెళ్లకు, ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న