పని బాగా వచ్చినా ఆఫీసులో మన మాట ఎందుకు చెల్లదు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పని బాగా చేస్తారు, గడువు దాటనివ్వరు. కానీ మీటింగ్‌లో మీరు చెబితే ఎవరూ పట్టించుకోరు, అదే మాట మీ సీనియర్ చెబితే అందరూ తలూపుతారు. పని మీది, పేరు ఆయనది అవుతోంది. అప్రైజల్ దగ్గర పడుతోంది. కాకా పట్టడం మీకు రాదు, ఆఫీసు రాజకీయాలంటే చిరాకు. ఇప్పుడేం చేయాలి?

కాకా పట్టడం రానందువల్ల మీకేమీ నష్టం జరగడం లేదండీ. మీరు రాసింది చదివితే నాకు అర్థమైంది వేరు. ఏ విషయమైనా మీరు మొదటిసారి నోరు విప్పేది మీటింగ్‌లోనే. మిగతావాళ్ళు అక్కడికి వచ్చేసరికే సగం మాటలు అయిపోయి ఉంటాయి. మనం రాజకీయం అని చిరాకుపడే దాంట్లో ఎక్కువ భాగం ఈ ముందు మాటలే. కుట్రలు, వెన్నుపోట్లు కూడా ఉంటాయి, లేవనను. కానీ మనం ఊహించుకునేంత ఉండవు.

నేను చాలాకాలం అకౌంట్స్‌లో పనిచేశాను. సప్లయర్ల బిల్లు పాస్ కావాలంటే మూడు సంతకాలు కావాలి. మధ్య సంతకం పర్చేజ్ హెడ్‌ది. బిల్లులన్నీ అక్కడే ఆగేవి, సప్లయర్ల ఫోన్లన్నీ మాకొచ్చేవి. మా టీంలో చురుకైన కుర్రాడొకడు ఆ మధ్య సంతకం తీసేయవచ్చని లెక్కలతో సహా తయారు చేసి, నెలవారీ మీటింగ్‌లో ప్రజెంటేషన్ ఇచ్చాడు. అందులో ఒక్క తప్పు లేదు. ఏ టేబుల్ మీద బిల్లు సగటున ఎన్నాళ్ళు ఆగుతోందో రంగులు వేసి మరీ చూపించాడు. పర్చేజ్ హెడ్ టేబుల్ ఎర్ర రంగులో ఉంది. ఆయన దాన్ని మొదటిసారి చూడటం అక్కడే, తన పై అధికారుల ముందు. ఆయన అరవలేదు, వాదించలేదు. "దీనికి ఆడిట్ వాళ్ళు ఒప్పుకున్నారా?" అని ఒక్క మాట అడిగాడు. ఆడిట్‌ని ఎవరూ అడగలేదు. "అయితే కనుక్కున్నాక చూద్దాం" అన్నారు పెద్దాయన. ప్రతిపాదన అటకెక్కింది.

కొన్ని నెలల తర్వాత మా టీంలోనే ఒక సీనియర్ మేడం ఇదే పని మళ్ళీ భుజానికెత్తుకున్నారు. ముందుగా పర్చేజ్ హెడ్ దగ్గరికే వెళ్ళారు. తీసేద్దామని అనలేదు. "ఇన్ని బిల్లులు చూడటం మీకూ కష్టమే కదా సార్, ఇందులో మీరు నిజంగా చూడాల్సినవి ఏవి?" అని అడిగారు. గతంలో ఒప్పందంలో ఉన్న ధరకీ బిల్లులో ధరకీ తేడా వచ్చి ఆయన మాట పడ్డారట. అప్పటి నుంచి ప్రతి కాగితం ఆయనే చూస్తున్నారు. ఒక మొత్తం దాటిన బిల్లులు, ధరలో తేడా ఉన్న బిల్లులు తన దగ్గరికి వస్తే చాలన్నారు. మేడం అదే రాసుకుని ఆడిట్‌లో ఒకరికి చూపించారు, వాళ్ళు చెప్పిన సవరణ చేర్చారు, మా మేనేజర్‌కి ఒక్క పేరాలో విషయం పంపారు. ఇక మీటింగ్‌లో ఈ మార్పు ఎందుకు మంచిదో వివరించింది ఎవరనుకున్నారు? పర్చేజ్ హెడే. పది నిమిషాల్లో తేలిపోయింది.

ఆవిడ అబద్ధమాడలేదు, ఎవరినీ పొగడలేదు, ఎవరి వెనకా గోతులు తవ్వలేదు. నష్టపోతాననుకునే మనిషిని ముందు కలిశారు, అంతే. జపాన్ కంపెనీల్లో దీన్ని నెమవాషి అంటారు. నిర్ణయం అధికారికంగా టేబుల్ మీదికి రాకముందే సంబంధం ఉన్న ప్రతి ఒక్కరితో విడివిడిగా మాట్లాడి, అభ్యంతరాలు విని, సర్దుబాటు చేసుకోవడం. అక్కడ అది చాటుమాటు వ్యవహారం కాదు, పనిలో ఒక భాగం.

కాబట్టి ఈసారి ఏదైనా ప్రతిపాదించేముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. దీనివల్ల ఎవరికి పని పెరుగుతుంది, లేదా ఎవరి పెత్తనం తగ్గుతుంది? వాళ్ళు మొదటిసారి దీన్ని ఎక్కడ వింటారు? రెండో ప్రశ్నకు జవాబు "మీటింగ్‌లో" అయితే ఆ ప్రతిపాదన ఇంకా సిద్ధం కానట్టే.

ఎవరిని కలవాలో తెలియాలంటే హోదాల పట్టిక ఒక్కటే చూస్తే సరిపోదు. జాన్ ఫ్రెంచ్, బెర్ట్రామ్ రేవెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1959లోనే ఒకరికి ఇంకొకరి మీద పలుకుబడి ఎక్కడి నుంచి వస్తుందో ఐదు రకాలుగా చెప్పారు: కుర్చీ వల్ల, మేలు చేయగలగడం వల్ల, కీడు చేయగలగడం వల్ల, నైపుణ్యం వల్ల, ఆ మనిషి మీద గౌరవం వల్ల. సమాచారం చేతిలో ఉండటం ఆరోదని రేవెన్ తర్వాత చేర్చారు. మీ ఆఫీసులో చూడండి, చిక్కు వచ్చినప్పుడు అందరూ ఎవరి సీటు దగ్గరికి వెళ్తున్నారో. చాలాసార్లు అది మేనేజర్ సీటు కాదు. పాత ఫైళ్ళన్నీ గుర్తున్న క్లర్కో, పెద్దాయన క్యాలెండర్ చూసే సెక్రటరీయో అయి ఉంటారు. ఇలాంటివాళ్ళతో మర్యాదగా ఉండటం ఎలాగూ మన ధర్మమే, పైగా మీ కాగితం ఎక్కడ ఆగిందో మొదట తెలిసేది కూడా వాళ్ళకే.

ఇక పని మీది, పేరు సీనియర్‌ది అన్నారు. ఇది నిజంగా మండే విషయమే. కానీ దొంగతనం అని తేల్చేసే ముందు ఒక సంగతి. మైఖేల్ రాస్, ఫియోరె సికోలీ అనే ఇద్దరు పరిశోధకులు 1979లో ప్రచురించిన అధ్యయనంలో భార్యాభర్తలను విడివిడిగా అడిగారు, ఇంటి పనుల్లో నీ వంతు ఎంత అని. ఇద్దరు చెప్పిన వాటాలూ కలిపితే చాలా పనుల్లో నూటికి నూరు దాటిపోయాయి. మనం చేసింది మనకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంటుంది, అవతలివాళ్ళు చేసింది మసగ్గా గుర్తుంటుంది. మీ సీనియర్ కూడా అది తన ఆలోచనే అని నిజంగా నమ్ముతూ ఉండవచ్చు. అలాగని ఊరుకోమని కాదు. మనిషిని దోషిగా నిలబెట్టకుండానే రికార్డు సరిచేయవచ్చు అంటున్నాను.

దానికి తేలికైన దారి, వారానికొకసారి మేనేజర్‌కి నాలుగైదు లైన్ల మెయిల్. ఇలా: "ఈ వారం పాత బకాయిల జాబితా సరిచూడటం పూర్తి చేశాను. రెండుసార్లు నమోదైన ఎంట్రీలు బయటపడ్డాయి, షీట్ జత చేశాను. స్టోర్స్ వాళ్ళు సాయం చేయబట్టి త్వరగా అయింది. వచ్చే వారం కొత్త ఫార్మాట్ మొదలుపెడతాను, దానికి మీ ఆమోదం కావాలి." ఇందులో గొప్పలు లేవు. ఎవరు ఏం చేశారో తేదీతో సహా ఉంది, సాయం చేసినవాళ్ళ పేరూ ఉంది. ఆ మూడో వాక్యం ఎప్పుడూ వదలకండి. ఇతరుల పని కూడా చెప్పే మనిషి తన పని గురించి చెబితే జనం నమ్ముతారు. అప్రైజల్ ఫారం నింపే రోజున మీ మేనేజర్ ఆరు నెలల కిందటి సంగతులు గుర్తు తెచ్చుకోలేక తల పట్టుకుంటారు. అప్పుడు ఈ మెయిల్స్ ఆయనకే ఎక్కువ ఉపయోగం.

మీటింగ్‌లో ఎవరైనా మీ మాటే తమదిగా చెబితే అక్కడికక్కడే తాడోపేడో తేల్చుకోవద్దు. "అవునండీ, మంగళవారం పంపిన షీట్‌లో నేను రాసింది అదే. దాంట్లో ఇంకో ముఖ్యమైన అంశం ఉంది, చెబుతాను" అని అందుకోండి. గొంతు మామూలుగా ఉంచండి. ఎవరి షీటో అందరికీ తెలుస్తుంది, గొడవా కాదు.

గాసిప్ దగ్గర నా అభిప్రాయం కొంచెం వేరు. పూర్తిగా దూరంగా ఉండమని అందరూ చెబుతారు. పూర్తిగా దూరంగా ఉంటే టీం మారుస్తున్నారన్న కబురు మీకు అందరికంటే ఆఖర్న తెలుస్తుంది. వినండి, మోయకండి. ముఖ్యంగా మనుషుల గుణాల గురించి మాట్లాడకండి. 1998లో వచ్చిన ఒక పరిశోధనలో తమాషా అయిన విషయం బయటపడింది. మనం ఎవరినైనా మోసగాడనో బద్ధకస్తుడనో వర్ణిస్తే, విన్నవాళ్ళ మనసులో ఆ గుణం తెలియకుండానే చెప్పినవాళ్ళకూ కొంత అంటుకుంటుందట. నిజమే అనిపిస్తుంది. మా ఆఫీసులో అందరి మీదా చాడీలు చెప్పే ఒకాయన ఉండేవాడు. ఆయన ఎవరి గురించి ఏం చెప్పాడో ఇప్పుడు ఒక్కటీ గుర్తులేదు. ఆయన మాత్రం గుర్తున్నాడు. అలాంటివాళ్ళు మిమ్మల్ని లాగితే "నాతో ఆయన బాగానే ఉన్నారండీ, నాకా సంగతి తెలీదు" అని మీ పని మీరు చూసుకోండి. రెండుసార్లు ఇలా అంటే మూడోసారి మీ దగ్గరికి రారు.

మొహమాటస్తులకు నలుగురిలో కలవడం ఎలా అన్నది ఇంకో ప్రశ్న. జోకులు వేయడం, పార్టీల్లో ముందుండటం ఏవీ అవసరం లేదు. చిన్న సాయం అడగండి. వినడానికి తిరకాసుగా ఉంటుంది కానీ, మన కోసం చిన్న సాయం చేసినవాళ్ళకు మన మీద ఇష్టం పెరుగుతుందని 1969లో జెకర్, లాండీ చేసిన ప్రయోగంలో కనిపించింది. అయితే ఆ సాయం ఐదు నిమిషాల్లో అయ్యేది కావాలి, అవతలి మనిషికి బాగా తెలిసినదై ఉండాలి. "ఈ ఫార్ములా ఎందుకు తప్పు చూపిస్తోందో ఒకసారి చూస్తారా?" లాంటిది. తర్వాత ఆ సాయం ఎలా ఉపయోగపడిందో వెళ్ళి చెప్పండి. మనలో చాలామంది ఎగ్గొట్టేది ఈ రెండో భాగమే. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళైతే చాట్‌లో రాసే బదులు అప్పుడప్పుడు రెండు నిమిషాల ఫోన్ చేస్తే మేలు. రాతలో మామూలు మాట కూడా కోపంగా కనిపిస్తుంది.

సీసీ గురించి ఒక్క మాట. ఎవరైనా పని ఆలస్యం చేస్తే మొదటి మెయిల్‌లోనే వాళ్ళ బాస్‌ను సీసీలో పెట్టడం మొహం మీద కొట్టినట్టు ఉంటుంది. ముందు నేరుగా అడగండి, తర్వాత గుర్తు చేయండి, అప్పటికీ కదలకపోతే "ఫలానా తేదీలోగా రాకపోతే మేనేజర్ దృష్టికి తీసుకెళ్ళాల్సి వస్తుంది" అని ముందే చెప్పి పెట్టండి.

ఇవన్నీ మామూలు ఆఫీసులకు. తప్పుడు లెక్కల మీద సంతకం చేయమని ఒత్తిడి చేస్తున్నా, అందరిముందూ అవమానిస్తున్నా, వేధింపులు ఉన్నా అది మీ లౌక్యం చాలకపోవడం కాదు. అక్కడ ఇవేవీ పనిచేయవు. తేదీలతో రాసి పెట్టుకోండి, మాటలతో జరిగినదాన్ని మెయిల్‌లో నిర్ధారించుకోండి, హెచ్‌ఆర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, ఇంకో ఉద్యోగం వెతుక్కోవడమూ మొదలుపెట్టండి.

మీ విషయానికొస్తే, అప్రైజల్‌కి ఇంకా కొంత సమయం ఉంది కాబట్టి ముందు ఆ సీనియర్‌ను విడిగా కలవండి, మేనేజర్ దగ్గరికి తర్వాత. "పోయిన మీటింగ్‌లో బకాయిల సంగతి మీరు బాగా చెప్పారు సార్. ఆ లెక్కలు నేను చేసినవి కాబట్టి ఈసారి ఆ భాగం నేనే చెబుతాను, పైన మీరు మొదలుపెట్టండి" అనండి. ఒప్పుకుంటే మీ పని అయినట్టే. ఒప్పుకోకపోయినా, నవ్వేసి మాట మార్చినా మీరు ఎలాంటి మనిషితో పనిచేస్తున్నారో తెలుస్తుంది. అప్పుడు ఆ వారం మెయిల్‌లోనే "ఈ భాగాన్ని మీటింగ్‌లో నేను వివరిస్తాను" అని మేనేజర్‌కి రాసేయండి.