నాలుగు పెగ్గులు వేసినా ఎక్కట్లేదు.. మంచిదేనా డాక్టర్?

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. నా వయసు 24. నెలకు మూడు నాలుగుసార్లు ఫ్రెండ్స్‌తో కూర్చుంటాను. వాళ్లు రెండో పెగ్గుకే తూలిపోతారు. నాకు నాలుగు వేసినా పెద్ద తేడా తెలియదు. ‘వీడి కెపాసిటీ వేరు’ అంటారు. అందరినీ బండి మీద ఇళ్ల దగ్గర దింపేది కూడా నేనే. యువత తాగుతున్న సమయంలోనే ఫోన్‌లో అరగంటకోసారి ప్రశ్నలు అడిగి, మద్యం ఎవరి మీద ఎలా పనిచేస్తుందో పరిశోధిస్తున్నారని ఈమధ్య చదివాను. నా ఫోన్‌తో నేనూ అలా చూసుకోవచ్చా? నాకు ఎక్కకపోవడం మంచిదేనా? మా నాన్నగారికి తాగుడు అలవాటు ఉండేది. అందుకే అడుగుతున్నాను.
- ఒక పాఠకుడు

జవాబు: ఆఖరి వాక్యంలో మీరు రాసిన నాన్నగారి సంగతే ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం. అమెరికాలో డాక్టర్ మార్క్ షుకిట్ అనే సైకియాట్రిస్టు తాగుడు వ్యసనం ఉన్న తండ్రుల కొడుకులను ఇరవై ఏళ్ల వయసులో పరీక్షించి, దాదాపు పదేళ్ల తర్వాత మళ్లీ కలిశారు. 1994లో ఆ ఫలితాలు వచ్చాయి. మొదట్లో మద్యం పెద్దగా ఎక్కనివాళ్లలో 56 శాతం మంది ఆ పదేళ్లలో వ్యసనంలో పడ్డారు. కొంచెం తాగగానే బాగా ఎక్కినవాళ్లలో అలా పడినవాళ్లు 14 శాతమే. మీ ఫ్రెండ్స్ కెపాసిటీ అని మెచ్చుకుంటున్నది నిజానికి బ్రేకు సరిగ్గా పడకపోవడం. రెండో పెగ్గుకే నిద్ర ముంచుకొచ్చేవాడు అక్కడితో ఆగిపోతాడు. మిమ్మల్ని ఆపేది ఏదీ లేదు. అలాగని మీరూ అదే దారిన పోతారని కాదు, జాగ్రత్త పడాల్సిన అవసరం మాత్రం మీకు మిగతావాళ్లకంటే ఎక్కువ.

అయితే ‘ఎక్కడం’ అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో రెండు సంగతులున్నాయి. తాగుతున్న కొద్దీ వచ్చే హుషారు, వాగుడు, ఇంకోటి వేద్దామనే ఉత్సాహం ఒకటి. ఆ తర్వాత వచ్చే మగత, మందకొడితనం, తల బరువు రెండోది. షికాగో యూనివర్సిటీలో ఆండ్రియా కింగ్ బృందం 2004 నుంచి యువత మీద దీన్నే పరిశీలిస్తోంది. హుషారు బాగా ఎక్కువగా, మగత తక్కువగా ఉండేవాళ్లకే తర్వాతి ఏళ్లలో తాగుడు సమస్యలు ఎక్కువని వాళ్లు గమనించారు. కాబట్టి నా ఎదురు ప్రశ్న ఇది: మీకు నిజంగా ఏమీ అనిపించడం లేదా, లేక హుషారు వస్తూ మగత మాత్రం రావడం లేదా? రెండోదైతే నాకు ఇంకా ఎక్కువ టెన్షన్.

ఈ తేడా పట్టుకోవడానికే ఫోన్ పనికొస్తుంది. ల్యాబ్‌లో లెక్కగా కొలిచి ఇచ్చే మద్యానికీ, ఫ్రెండ్స్ మధ్య పాటలు పెట్టుకుని తాగేదానికీ పోలిక లేదు. పోనీ మర్నాడు అడుగుదామా అంటే, మూడో పెగ్గు తర్వాత లెక్క ఎవరికి గుర్తుంటుంది? ‘రెండే డాక్టర్ గారూ’ అనే మాట ఓపీలో నేను రోజూ వింటాను. జేబులో ఉన్న ఫోనైతే అక్కడికక్కడే అడుగుతుంది, జవాబు ఇవ్వడానికి నిమిషం కూడా పట్టదు. చెమటలోని మద్యాన్ని పసిగట్టే చేతి పట్టీలు కూడా వచ్చాయి. కాకపోతే రక్తంలో పెరిగిన సంగతి చెమటలో ఆలస్యంగా తెలుస్తుంది.

మీరు చూసుకోవచ్చు. అయితే పరీక్ష కోసమని ప్రత్యేకంగా తాగకండి. ఎలాగూ కూర్చునే రోజున అరగంటకోసారి అలారం పెట్టుకోండి. మోగిన ప్రతిసారీ నోట్స్‌లో మూడింటికి సున్నా నుంచి పది మధ్య మార్కు వేయండి: హుషారు ఎంత, మగత ఎంత, ఇంకోటి కావాలని ఎంత అనిపిస్తోంది. పక్కనే ఎన్ని మిల్లీలీటర్లు తాగారో రాయండి. ‘పెగ్గు’ అని రాయకండి. ఒకరి పెగ్గు 30, ఇంకొకరిది 60. నలభై శాతం మద్యం 30 మిల్లీలీటర్లలో ఆల్కహాల్ సుమారు పది గ్రాములు. ఎనిమిది శాతం స్ట్రాంగ్ బీరు 500 మిల్లీలీటర్లలో 30 గ్రాముల పైమాటే. బీరే కదా అనుకునేవాళ్లు ఇక్కడే మోసపోతారు. మర్నాడు పొద్దున నోట్స్ తెరవకముందే, నిన్న ఎంత తాగారో గుర్తు చేసుకుని ఒక కాగితం మీద రాయండి. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. నా దగ్గరికొచ్చిన ఒక కుర్రాడు కాగితం మీద ‘మూడు’ అని రాశాడు. ఫోన్‌లో చూస్తే లెక్క ఆరు పెగ్గులు తేలింది, చివరి రెండు ఎంట్రీల్లో ఒక్క అక్షరం కూడా సరిగ్గా పడలేదు. అప్పటిదాకా నేనెంత చెప్పినా వినని మనిషి, ఆ రెండు లైన్లను చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

మొదట్లో రెండుకే వచ్చిన హుషారుకు ఇప్పుడు నాలుగు కావాల్సి వస్తున్నా, రాత్రి జరిగిన దాంట్లో కొంత అసలు గుర్తుకు రాకపోయినా, పొద్దున చేతులు వణికినా డాక్టర్‌ను కలవండి. ఆ నోట్స్ కూడా చూపించండి. డబ్ల్యూహెచ్‌ఓ తయారుచేసిన ‘ఆడిట్’ అని పది ప్రశ్నల పరీక్ష ఉంది. అందులో స్కోరు ఎనిమిది, అంతకుమించి వస్తే తాగుడు హద్దు దాటుతోందని అర్థం. ఇక ‘ఎంతవరకు సేఫ్’ అని అడగబోతారేమో, ఇంత తాగితే ఆరోగ్యానికి ఏ ముప్పూ లేదనే హద్దంటూ ఏదీ లేదని 2023లో అదే డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది.

మీరు మామూలుగా రాసేసిన ఒక్క విషయం మాత్రం వెంటనే ఆపాలి. ఫ్రెండ్స్‌ను దింపడం. మీకు ఎక్కనంత మాత్రాన రక్తంలో మద్యం తగ్గదు. లివర్ గంటకు ఏడు నుంచి పది గ్రాములే ఖర్చు చేస్తుంది. కాఫీ తాగినా, తలస్నానం చేసినా ఆ వేగం పెరగదు. నాలుగు 60లు వేస్తే పూర్తిగా దిగడానికి ఎనిమిది నుంచి పదకొండు గంటలు పడుతుంది. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో 22 మందికి మద్యం ఇచ్చి, నడుముకు వెనకవైపు ఫోన్ కట్టి పది అడుగులు వేయించారు. 2020లో వచ్చిన ఆ పరిశోధనలో, అడుగు పడే తీరును బట్టే మోతాదు దాటిందో లేదో ఫోన్ సుమారు 90 శాతం సార్లు సరిగ్గా చెప్పింది. నేను బాగానే ఉన్నాననుకునే మనిషి నడకలోనూ తేడా ఉంటుంది. ఈసారి కూర్చునేటప్పుడు బండి తాళాలు ఆ రోజు తాగనివాళ్ల చేతికి ఇవ్వండి. అలాంటివాళ్లు లేకపోతే క్యాబ్ ముందే బుక్ చేసుకోండి.